తల్వార్ మణికట్టు మాట వినదు

2022 నవంబరులో నన్ను గురుగ్రామ్‌లోని ఒక వీడియోగేమ్ కంపెనీకి సలహాదారుగా వేశారు. అప్పటికి నేను ఢిల్లీలోని ఒక కేంద్ర ప్రభుత్వ మ్యూజియంలో ఆయుధ విభాగానికి డిప్యూటీ క్యూరేటర్‌ని. రిటైర్‌మెంట్ దగ్గర పడుతోంది. క్యూరేటర్ అనగానే చాలామంది గ్యాలరీలో తిప్పి చూపించే గైడ్ అనుకుంటారు. వస్తువు ఏ కాలానిది, ఎక్కడిది, దేనితో చేశారు అని తేల్చడం, అది తుప్పు పట్టకుండా చూసుకోవడం, పక్కన పెట్టే పలక మీద నాలుగు వాక్యాలు రాయడం, ఎవరైనా దాన్ని అంగుళం కదిపితే పైవాళ్ళకు జవాబు చెప్పడం మా పని.

ఆ కంపెనీ తయారుచేస్తున్నది రోల్‌ప్లేయింగ్ గేమ్. ఆడేవాళ్ళు ఒక పాత్రను ఎంచుకుని, ఊహాలోకంలో తిరుగుతూ, రాక్షసులతో పోరాడుతూ, మంచి మంచి ఆయుధాలు సంపాదించుకుంటూ ముందుకు పోతారు. కథ మన దక్కన్‌ను పోలిన ఒక కల్పిత రాజ్యంలో జరుగుతుంది. అందులోని కత్తులూ కటారులూ చూసి తప్పొప్పులు చెప్పడానికి ఒక అధికారి కావాలని మా మ్యూజియాన్ని కోరారు. పై అధికారులు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆ ఫైలు నా బల్ల మీదకు తోశారు. "వీడియోగేమ్ హై మేడమ్, దో మీటింగ్ మే హో జాయేగా" అని రెండు మీటింగుల్లో తేల్చేశారు మా డైరెక్టర్‌గారు. పిల్లల ఆటకు నన్ను పంపిస్తారా అని నాకు చిర్రెత్తుకొచ్చింది. నాకు చిర్రెత్తుకురావడం ఆఫీసులో ఎవరికీ కొత్త కాదు.

మా ఇల్లు ఢిల్లీకి తూర్పు పక్కనున్న ఇందిరాపురంలో. అక్కణ్ణుంచి గురుగ్రామ్ అంటే ఈ కొస నుంచి ఆ కొసకు పోవడం. మెట్రోలో బ్లూ లైన్ ఎక్కి, రాజీవ్ చౌక్‌లో యెల్లో లైన్ మారి, జనంలో నలిగి చేరేసరికి సగం కోపం దారిలోనే ఖర్చయిపోయింది. వాళ్ళ తెర చూడగానే ఆ సగం కూడా తిరిగి వచ్చేసింది. హీరో చేతిలో ఇస్త్రీ బల్లంత వెడల్పు కత్తి. దాన్ని ఒర కూడా లేకుండా వీపుకు అడ్డంగా తగిలించుకుని పరుగెడుతున్నాడు. పక్కన ఒక పెట్టెలో దాని వివరాలు: బరువు తొమ్మిది కిలోలు. నిజమైన కత్తి కిలోకి కాస్త అటో ఇటో ఉంటుంది. తొమ్మిది కిలోలు మోసుకుని యుద్ధానికి వెళ్ళినవాణ్ణి చంపడానికి వేరే శత్రువు అక్కర్లేదని చెప్పాను. ఇంకో కత్తి కింద "దూర ఎడారి దేశపు రహస్య ఉక్కు" అని రాశారు. ఆ ఉక్కు ముద్దలు మన తెలంగాణ పల్లెల్లో మూసల్లో కరిగి, ఓడలెక్కి ఆ దేశాలకు పోయాయి. ఈ సంగతి చెప్పడానికి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మన ఉక్కు గురించి కూర్చుని మాట్లాడడం నాకు చేతకాదు.

అలా వరసగా దులిపేస్తూ పోతున్నదాన్ని ఒక కత్తి దగ్గర ఆగిపోయాను. సన్నటి వంపు, పిడి మీద బంగారు తీగ పొదిగిన లతలు, పిడి చివర చిన్న పళ్ళెంలాంటి గుండ్రటి బిళ్ళ. అది మా గ్యాలరీలోని పద్దెనిమిదో శతాబ్దపు తల్వార్. లతలో విరిగిన ఆకుతో సహా అదే. ఎవరు గీశారని అడిగితే వెనక వరుసలో ఒక అమ్మాయి చెయ్యి ఎత్తింది. పేరు శ్రావ్య. విజయనగరం వాళ్ళ పిల్ల, పుట్టి పెరిగింది ఢిల్లీలోనే, తండ్రి కేంద్ర సచివాలయంలో సెక్షన్ ఆఫీసర్. నేను తెలుగులో అడిగితే అర్థం చేసుకుని హిందీలో జవాబు చెప్పింది.

"ఇది ఎక్కడ చూశావమ్మా?"

"ఆప్ హీ కే మ్యూజియం మే, మేడమ్. హర్ సండే జాతీ థీ."

ప్రతి ఆదివారం వచ్చి చూసి గీసిన ఆ తల్వారే హీరో ఆయుధమని ఆమె ప్రతిపాదన. అయితే దాని ప్రాణం మీదకు వచ్చింది. వాళ్ళలో ప్లేటెస్ట్ అని ఒక పద్ధతి ఉంది. బయటి యువకులను పిలిచి, ఆట ఆడించి, ఏది నచ్చింది, ఏది నచ్చలేదని అడుగుతారు. కిందటి పరీక్షలో ఆయుధాలన్నిటిలో తల్వార్ అట్టడుగున నిలిచింది. ఒకరైతే "వంకర కర్ర" అని తేల్చేశారట. ప్రొడ్యూసర్ మల్హోత్రా, అంటే ఆటలో ఏది ఉండాలో ఏది పోవాలో చివరిమాట చెప్పే మనిషి, నాకు సంగతి సూటిగా చెప్పాడు. జనవరిలో ఇంకో పరీక్ష ఉంటుంది. అందులోనూ ఇదే ఫలితం వస్తే హీరో చేతికి రెండు చేతులతో పట్టుకునే పొడవాటి తిన్నని కత్తి, పరదేశపు రకం ఇచ్చేస్తారు. దానికి కదలికలు ఎప్పుడో సిద్ధంగా ఉన్నాయి. తల్వార్ ఆటలోని రాజమహల్ గోడకు అలంకారంగా వేలాడుతుంది. "ప్లేయర్ కో మజా ఆనా చాహియే, మేడమ్. బస్" అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, కానీ ఆడేవాళ్ళకు మజా వస్తే చాలు, అంతే అనే ఆ "బస్" నాకు నచ్చలేదు.

లిఫ్ట్ దాకా సాగనంపడానికి వచ్చిన శ్రావ్య అక్కడ మేడమ్ మానేసి ఆంటీలోకి దిగింది. "ఆంటీ, యే మేరా పెహలా వెపన్ హై. యే గయా తో మై వాపస్ మట్కే ఔర్ చార్‌పాయి బనావూంగీ" అంది. ఆటలో వీధుల పక్కన పడి ఉండే కుండలూ నులకమంచాలూ బొమ్మకట్టడం అంతవరకూ ఆమె పని. మూడేళ్ళు అదే చేశాక తనదంటూ ఇచ్చిన మొదటి ఆయుధం ఇది, ఇది పోతే మళ్ళీ ఆ కుండలే. నిలబెడదాం పద అన్నాను. అన్నాక, ఎలా అన్నది ఆలోచించుకున్నాను.

నాకు తెలిసిన మార్గం ఒకటే, కచ్చితత్వం. తల్వార్ పొడవు, వంపు, అలుగు అంటే పిడి నుంచి కొన దాకా ఉండే ఉక్కు రేకు, దాని మొదట్లో మందం, కొనకు వచ్చేసరికి మందం, బరువు, అన్నీ పంపాను. శ్రావ్య బృందం ఒక్కటీ వదలకుండా దించేశారు. తెర మీద ఆ కత్తి ఎంత అందంగా వచ్చిందంటే నేను ఫోన్‌లో ఫొటో తీసుకుని ఇంట్లో అందరికీ చూపించాను. ఆ తర్వాత కంపెనీలోనివాళ్ళే ఆడి చూసుకున్నారు. ఫలితం మునుపటికన్నా అధ్వానం. కారణం చాలా మామూలుది. ఆ గేమ్ సూత్రం ప్రకారం బరువును బట్టి దెబ్బ. నేను కత్తిని అసలు బరువుకు దించేసరికి అది విసనకర్రతో కొట్టినట్టు తయారైంది. "అబ్ తో ఔర్ కమ్‌జోర్ హో గయీ, మేడమ్" అన్నాడు మల్హోత్రా, చాలా మర్యాదగా. ఆ సాయంత్రం మెట్రోలో సీటు ఇవ్వబోయిన అబ్బాయిని కూడా కసిరాను. పాపం, అతను లేచి నిలబడే ఉండిపోయాడు.

డిసెంబరులో శ్రావ్యను అసలు కత్తి దగ్గరి నుంచి చూడ్డానికి మ్యూజియంకు రప్పించాను. దానికొక తంతు ఉంది. వస్తువును అద్దాల పెట్టె నుంచి తీయడానికి డైరెక్టర్ అనుమతి కావాలి. తీసేటప్పుడు విభాగం వాళ్ళు ఇద్దరు ఉండాలి. ఉంగరాలూ మెడలో వేలాడే ఐడీ కార్డులూ తీసేయాలి, పెన్ను నిషేధం, పెన్సిలే. చేతులకు రబ్బరు తొడుగులు. కత్తిని రెండు అరచేతుల మీద పడుకోబెట్టి, ఒకటి అలుగు కింద, ఒకటి పిడి కింద పెట్టి, మెత్తటి ఫోమ్ పరిచిన బల్ల మీదకు దించాలి. పిడి పట్టుకుని ఎత్తడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కుదరదు. తల్వార్ పిడిలో అలుగును నిలిపేది లక్క. రెండు మూడు వందల ఏళ్ళ లక్క లోపల పొడి అయిపోయి ఉండొచ్చు. పిడి పట్టి లేపితే పిడి చేతికొచ్చి అలుగు నేల మీద పడుతుంది.

శ్రావ్య బల్ల చుట్టూ తిరిగి, వంగి, మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. తర్వాత తలెత్తి అడిగింది.

"ఆంటీ, హాథ్ మే లేకర్ కైసా లగ్తా హై?"

చేతిలో పట్టుకుంటే ఎలా ఉంటుందో చెప్పబోయి ఆగాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎన్ని వందల కత్తులను మోశానో నాకే తెలియదు. ఏ ఒక్కదాన్నీ కత్తిని పట్టుకున్నట్టు పట్టుకోలేదు. అలా పట్టుకోకపోవడమే నా ఉద్యోగం. ఇక అక్కడ గురుగ్రామ్‌లో వాళ్ళు పొద్దస్తమానం కత్తులు తిప్పుతారు, ఒక్క కత్తినీ తాకి ఎరగరు. మా రెండు వర్గాల మధ్య ఈ తల్వార్ సంగతి పూర్తిగా తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. నిజం చెప్పాలంటే నాకు సిగ్గు వేయలేదు, ఒళ్ళు జల్లుమంది. ఇంత కాలం పక్కనే ఉన్న వస్తువులో నేను చూడని గది ఒకటి మిగిలి ఉందని తెలిస్తే సంతోషం కాక ఏం కలుగుతుంది?

మా మ్యూజియంలో నమూనాల విభాగం ఉంది. విగ్రహాలకు ప్లాస్టర్ నకళ్ళు పోసి అమ్మకాల కౌంటర్‌కు పంపుతారు. వాళ్ళను పదును లేని ఉక్కు అలుగుతో, ఇనుప పిడితో తల్వార్ నకలు చేయమన్నాను. చూడ్డానికి ఒకేలా ఉంటే చాలదు, బరువు సరిపోయినా చాలదు, తూకం కుదిరే చోటు కూడా సరిపోవాలి. అంటే అలుగు మీద ఏ బిందువు దగ్గర ఊతం పెడితే కత్తి రెండు వైపులా సమంగా నిలుస్తుందో ఆ చోటు. చేతిలో కత్తి బరువనిపించడం, తేలికనిపించడం చాలావరకు దాన్ని బట్టే. మొదటి నకలు కొన వైపు వాలింది. వెనక్కి పంపాను. విభాగం అధిపతి నసిగాడు, నేను వదల్లేదు. రెండోది సరిగ్గా కుదిరింది.

ఒక మధ్యాహ్నం, మంచు విడిచి ఎండ కాస్తున్న వేళ, ఆఫీసు వెనక పచ్చికలో నేనూ శ్రావ్యా ఆ నకలు పట్టుకుని నిలబడ్డాం. ప్యాకింగ్‌కు వాడే ఫోమ్‌ను నిలువెత్తు చుట్టగా చుట్టి ఒక స్తంభానికి కట్టించాను. ముందు గేమ్‌లో హీరో చేసినట్టే చేశాను. చెయ్యి ముందుకు చాచి, మణికట్టు విదిలించి, కొరడా ఝళిపించినట్టు కొట్టాను. కొన ఫోమ్‌ను చేరకముందే పిడి చివరి బిళ్ళ వెళ్ళి నా మణికట్టు ఎముకను పొడిచింది. ప్రాణం పోయినంత పనైంది. ఇంకోసారి విదిలించాను, మళ్ళీ అదే. శ్రావ్య లాక్కుని తానూ ప్రయత్నించి "ఓయ్!" అని చెయ్యి దులుపుకుంది.

ఈ బిళ్ళ మణికట్టును అడ్డుకుంటుందని నేను చదవని సంగతి కాదు. పుస్తకంలో చదివిన వాక్యం వేరు, ఎముక మీద పడ్డ పోటు వేరు. మణికట్టు తిరగనంటోంది, సరే, దాన్ని బిగించి ఉంచితే ఏమవుతుంది? పిడి గట్టిగా పట్టుకున్నాను. పిడి ఇరుకు, నాలుగు వేళ్ళూ ఒత్తుకుపోయాయి. ఇది చూసే గైడ్లు మన పూర్వీకుల చేతులు చిన్నవని సందర్శకులకు చెబుతుంటారు. నా చెయ్యే పెద్దది కాదు, నాకే బిగుతుగా ఉంది. ఆ బిగుతు కావాలని పెట్టినదే, కత్తీ చెయ్యీ ఒకటై కదలడానికి. ఈసారి మోచేతినీ భుజాన్నీ కదిపాను. దూరం చాలలేదు, ఒక అడుగు దగ్గరికి వేశాను. ఇంకో అడుగుతో ఫోమ్ పక్కగా దాటిపోయాను. నేను దాటుతుంటే అలుగు దాని మీద మొదలు నుంచి కొన దాకా జారుకుంటూ వచ్చింది. పదును లేని ఉక్కు కూడా ఫోమ్ మీద మూరెడు గీత దింపింది.

వంటింట్లో కత్తితో టమాటాను నొక్కితే నలుగుతుంది, లాగితే తెగుతుంది. తల్వార్ వంపు, బిళ్ళ, ఇరుకు పిడి, మూడూ కలిసి చెప్పేది అదే: కొట్టకు, దగ్గరికి వచ్చి లాగు. దీనికి బరువు ఎందుకు? బరువుంటే అడ్డం కూడాను.

"వచ్చింది! వచ్చిందే!" అని అరిచాను. యాభై ఎనిమిదేళ్ళు దాటిన ప్రభుత్వాధికారిని, పచ్చిక మధ్యలో, కత్తి ఎత్తి. అదివరకు నాతో ఒక్క తెలుగు ముక్క మాట్లాడని శ్రావ్య గంతులేస్తూ "ఆంటీ, మళ్ళీ! మళ్ళీ చెయ్యండి!" అంది. ఈ గోలకు గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డు పరుగున వచ్చాడు.

"మేడమ్ జీ, యే అస్లీ హై క్యా?"

"నక్లీ హై భయ్యా. ఆప్ భీ చలాకే దేఖియే" అన్నాను. అతనూ మణికట్టు విదిలించాడు. బిళ్ళ అతన్నీ వదల్లేదు.

మర్నాడు గురుగ్రామ్‌లో శ్రావ్య మల్హోత్రాతో వాదించింది. తల్వార్ దెబ్బను బరువుతో కాక, అలుగు ఎంతసేపు ఒంటిని ఆనుకుని జారిందన్న దాన్ని బట్టి లెక్కకట్టాలంది. దూరం నుంచి ఊపితే ఏమీ తగలకూడదు, అడుగు వేసి దగ్గరికి వెళ్ళి దాటుకుపోతేనే తగలాలి. ఆడేవాళ్ళకు కష్టమవుతుందని మల్హోత్రా భయపడ్డాడు. ఒక్క పరీక్షకు ఒప్పుకున్నాడు. కదలికలు తీయడానికి మనిషి ఒంటికి సెన్సర్ల పట్టీలు కట్టి నడిపిస్తారు, ఆ నడకే తెర మీద పాత్రకు వస్తుంది. వాళ్ళ నటుడు తిన్నని కత్తికి అలవాటుపడ్డవాడు. అతనికి చూపించడానికి ఆ పట్టీలు నాకే కట్టారు. నా సల్వార్ కమీజ్ మీద అవన్నీ బిగించాక ఎలా ఉన్నానో చెప్పను. గంతులూ దూకుళ్ళూ నటుడివి. దాటుకుపోయే ఆ ఒక్క కోతలో భుజం తిరగడం మాత్రం నాదే ఉంచామని యానిమేటర్లు చెప్పారు. ఆ ఆటలో ఆరడుగుల హీరో నా భుజంతో రాక్షసులను కోస్తున్నాడు.

జనవరి పరీక్షకు లక్ష్మీ నగర్ కోచింగ్ సెంటర్ల నుంచి కొందరు విద్యార్థులను పిలిచారు. నాకూ మల్హోత్రా పక్కన కుర్చీ వేశారు. శ్రావ్య గోడకు ఆనుకుని నిలబడింది, కూర్చోమంటే కూర్చోలేదు. మొదటి అబ్బాయి దూరంగా నిలబడి ఊపాడు, గాలి తెగింది, రాక్షసుడు వాణ్ణి మింగాడు. రెండో అబ్బాయి గతీ అంతే. మూడో అతను విసుక్కుని తిన్నని కత్తి లేదా అని అడిగాడు. మల్హోత్రా నా వైపు చూడకుండా గడియారం చూసుకున్నాడు. శ్రావ్య మొహం చూడాలంటే భయమేసింది.

నాలుగో మనిషి ఒక అమ్మాయి. ఆమె కూడా మొదట ఓడిపోయింది. రెండోసారి వెనక్కి తగ్గబోయి బటన్ తప్పు నొక్కి ముందుకు దూసుకుపోయింది. హీరో రాక్షసుణ్ణి ఆనుకుని పక్కగా దాటాడు, భుజం తిరిగింది, అలుగు జారింది. రాక్షసుడు రెండుగా విడిపోయాడు. "అరే! యే క్యా థా?" అని ఆ అమ్మాయి కుర్చీలో ఎగిరింది. మళ్ళీ చేసింది. ఈసారి తెలిసి చేసింది. ఇంకోసారి చేసేసరికి ఓడిపోయిన ముగ్గురూ ఆమె వెనక చేరి దగ్గరికి పో, దగ్గరికి పో అని కేకలు. ఆమె వంతు అయిపోయినా కంట్రోలర్ ఇవ్వనంది. చివరికి మల్హోత్రాయే లేచి బతిమాలి తీసుకుని తాను ఆడాడు. రెండుసార్లు చచ్చాడు. మూడోసారి దాటుకుపోయాడు. "తల్వార్ రహేగీ" అని దాన్ని ఉంచేశాడు, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే. శ్రావ్య అప్పుడు నేల మీద కూర్చుండిపోయింది.

బేరాలు ఆ తర్వాత జరిగాయి. అలుగు చుట్టూ నీలి మంటలు కావాలన్నారు, సరేనన్నాను. కిలో కత్తి అంటే ఆటగాళ్ళు గౌరవించరు, పెట్టెలో మూడు కిలోలని రాస్తామన్నారు. పళ్ళు కొరికి సరేనన్నాను. చివరికి మల్హోత్రా ఇంకో మాట అన్నాడు. పిడి చివరి బిళ్ళ తెర మీద హీరో చేతిలోకి దూరిపోయినట్టు కనిపిస్తోంది, కోత ఎలాగూ కుదిరింది కాబట్టి దాన్ని తీసేద్దామని. నేను నోరు తెరిచేలోగా శ్రావ్య అందుకుంది. ఆ బిళ్ళ లేకపోతే హీరో మణికట్టును ఆపేది ఏమిటని అడిగి, నకలు అతని చేతిలో పెట్టింది. అతను విదిలించాడు. చెయ్యి రుద్దుకుంటూ, బిళ్ళను ఉండనిమ్మన్నాడు. హీరో చేతిని సరిచేసే పని యానిమేటర్ల మీద పడింది. శ్రావ్యకు తర్వాతి ఆయుధంగా కటారి ఇచ్చారు. కుండలూ మంచాలూ వేరేవాళ్ళకు అప్పగించారు.

ఈ వ్యవహారం వల్ల నా ఉద్యోగంలో ఒక మార్పు చేసి దిగిపోయాను. ఆ తల్వార్‌ను ఎప్పటి నుంచో గాజు పెట్టెలో అడ్డంగా పడుకోబెట్టేవాళ్ళం. దాన్ని నిలబడ్డ మనిషి చెయ్యి ఎత్తుకు, పిడి సందర్శకుడి వైపు ఉండేలా పెట్టించాను. పలక మీద మొదటి వాక్యం అంతకుముందు కొలతలతో మొదలయ్యేది. ఇప్పుడు "ఈ కత్తి పట్టినవారి మణికట్టు తిరగదు" అని మొదలవుతుంది. అదివరకు ఆ పెట్టె ముందు ఆగకుండా పోయేవాళ్ళు ఇప్పుడు ఆగి, కుడిచెయ్యి పిడికిలి బిగించి అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నారు. గేమ్‌లో ఆయుధం నిజంలా ఉందా అని ఎవరైనా అడిగితే నేను మంటల సంగతీ బరువు సంగతీ ఎత్తను. అది పట్టుకున్నవాణ్ణి ఏం చేయనివ్వడం లేదో చూడమంటాను.